బాటకు నీడ

విశాఖపట్నంలో బీచ్ రోడ్డును తెల్లవారుజామున చూడాలి. ఆ వేళ కొంతసేపు అక్కడికి వాహనాలను రానివ్వరు. పగలంతా హారన్ల మోతలో మునిగే వీధి అప్పుడు కడలి హోరుకు చెవి యొగ్గుతుంది. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు, వైద్యుని సలహాపై కదిలిన మధ్యవయస్కులు, పరుగు సాధన చేసే యువకులు నడివీధిలో నిర్భయంగా తిరుగుతారు. గడువు తీరగానే అడ్డుకట్టలు తొలగుతాయి. నడక ముగించినవారు ఇళ్ళకు మళ్ళుతారు. అయితే వారిలో పలువురు ఇంటికి వెళ్ళేది కాలినడకన కాదు, స్కూటర్లమీద, కార్లలో. నడవడానికి వాహనమెక్కి రావలసి రావడం ఈ కాలపు విచిత్రాలలో ఒకటి.

మరికొంత పొద్దెక్కేసరికి అదే నగరంలో ద్వారకా బస్సుస్టేషను దగ్గర ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి బస్సు దిగుతాడు. అతని కళాశాల అక్కడికి కిలోమీటరు దూరంలో ఉందనుకుందాం. ఆ కిలోమీటరులో అతడు కాలిబాట ఎక్కుతాడు, దిగుతాడు, మళ్ళీ ఎక్కుతాడు. ఒకచోట మోటారుసైకిళ్ళు, ఒకచోట దుకాణం మెట్లు, ఒకచోట పలక విరిగి నోరు తెరిచిన మురుగుకాలువ. చివరకు విసిగి రోడ్డుమీదికే దిగి, వెనుకనుంచి వచ్చే ఆటోలకు ఒక చెవి అప్పగించి నడక సాగిస్తాడు. వ్యాయామం కోసం నడిచేవారికి సముద్రతీరాన్నే విడిచిపెట్టిన నగరం, అవసరం కోసం నడిచేవారికి మూరెడు చోటు మిగల్చలేకపోయింది. ఇది విశాఖకే ప్రత్యేకమైన దోషం కాదు. విజయవాడలోను, వరంగల్లులోను, కర్నూలులోను ఈ కిలోమీటరు ఇలాగే ఉంటుంది.

నడిచేవారు నేడు అల్పసంఖ్యాకులని, ఉన్నవారంతా ఏదో ఒక బండి కొనుక్కున్నారని ఒక భ్రమ ఉంది. 2011 జనాభా లెక్కలు ఆ భ్రమను నిలవనీయవు. వ్యవసాయం, కుటుంబ పరిశ్రమలు కాక ఇతర వృత్తులలో ఉన్నవారిని పనికి ఎలా వెళ్తున్నారని అడిగితే, ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా నడిచే వెళ్తున్నామన్నారు. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, కూలీలు, దుకాణాల గుమాస్తాలు, బడిపిల్లలు నగరం మేల్కొనే వేళకే వీధిలో ఉంటారు. ఇక వారి భద్రత సంగతి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులని కేంద్ర ప్రభుత్వపు లెక్క. ఏ వాహనమూ నడపని వారు, ఎవరినీ ఢీకొనే శక్తి లేనివారు, ఒక్క ఏడాదిలో అంతమంది పోయారు. 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం అడ్డంకులు లేని కాలిబాట పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసింది. తీర్పు గొప్పది. కాని తీర్పు ఢిల్లీలో ఉంటుంది, విరిగిన పలక ఫలానా వీధి మలుపులో ఉంటుంది. ఆ పలక ఎక్కడ ఉన్నదో చూసి రాసిపెట్టేవారు ఒకరు కావాలి. ఆ పనికి జూనియర్ కళాశాల విద్యార్థులకన్న తగినవారు లేరు. ప్రతిదినం ఆ దారిన నడిచేది వారే.

బాటను, చెట్టును వేర్వేరుగా ఆలోచించడం ఇటీవలి అలవాటు. పూర్వులకు ఆ రెండూ ఒక్క ఆలోచనే. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండలపై చెక్కిన అశోకుని శాసనాలలో ఈ మాట ఉంది. మనుషులకు, పశువులకు వైద్యం ఏర్పాటు చేయడం, ఓషధులు పెంచడం, బాటల పక్కన బావులు తవ్వించడం, చెట్లు నాటించడం, ఇవన్నీ ఆ చక్రవర్తి ఒకే వరుసలో చెప్పుకున్నాడు. మరొక శాసనంలో మర్రిచెట్లు నాటించినది నీడ కోసమని విస్పష్టంగా ప్రకటించాడు. ఇరవై రెండు శతాబ్దాల కిందటి ఆ జాబితాలో చెట్టుకు చోటు దొరికింది అందం వల్ల కాదు. వైద్యం, మంచినీరు వంటి అవసరాల సరసన అది ప్రజోపయోగం. తెలుగువారు చెప్పుకొనే సప్తసంతానాలలో తటాకంతోపాటు వనం కూడ ఉంది. కన్నబిడ్డతో సమానంగా చెట్టును లెక్కించిన ఆ ఊహకు మూలం, నాటినవాడు పోయిన తరువాత కూడ అది దారినపోయేవారికి పనికివస్తుందన్న ఎరుక. హైదరాబాదు నుంచి బీజాపూరు వెళ్ళే రహదారిపై చేవెళ్ళ పరిసరాలలో నేటికీ వందల మర్రిమానులు ఆ ఎరుకకు సాక్ష్యంగా ఉన్నాయి. రోడ్డు విస్తరణలో వాటిని బలిపెట్టవద్దని పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళవలసి వచ్చింది.

నేటి పురపాలనలో బాట ఒక విభాగానిది, చెట్టు మరొక విభాగానిది, కాలువ ఇంకొకరిది, తీగలు వేరొక సంస్థవి. ఒకరు వేసిన బాటను ఇంకొకరు తవ్వుతారు; ఒకరు నాటిన చెట్టును మరొకరు నరుకుతారు. ఈ విభజనవల్ల పుట్టిన వింతలలో రోడ్డు మధ్య డివైడరుపై పచ్చదనం ఒకటి. అక్కడ మొక్కలు నాటుతారు, ట్యాంకరుతో నీరు పోస్తారు, కత్తిరించి తీర్చిదిద్దుతారు. ఛాయాచిత్రాలలో వీధి పచ్చగా కనిపిస్తుంది. కాని డివైడరుమీద ఎవరు నడుస్తారు? అక్కడి మొక్క పెరిగి చెట్టయినా దాని నీడ కార్ల కప్పులమీద పడుతుంది. రెండువైపులా ఎండలో నడిచేవారికి అది కనులకు మాత్రమే చల్లదనం. డివైడరుపై మొక్కలు ఎదుటి వాహనాల వెలుగు కళ్ళలో పడకుండా కాపాడతాయన్నది నిజమే. ఆ మేలును కాదనవలసిన పనిలేదు. కాని పట్టణం చెట్లకోసం ఖర్చుచేసే సొమ్ము, నీరు, శ్రద్ధ ముందుగా ఆ మధ్యగట్టుకే చేరి, నడిచేవారి పక్కకు రాకపోతే, ఆ పచ్చదనం ఎవరికోసమని అడగవలసిందే.

కాబట్టి విద్యార్థులు తమ కళాశాల చుట్టూ ఉన్న వీధులను పరిశీలించేటప్పుడు నడకను, నీడను ఒకే పుస్తకంలో రాయాలి. దానికి పెద్ద సామగ్రి అక్కరలేదు. దర్జీవాడి టేపుకన్న కాస్త పొడవైన టేపు, ఒక ఉష్ణమాపకం, గడియారం, గళ్ళ నోటుపుస్తకం ఉంటే చాలు. నలుగురైదుగురు ఒక జట్టుగా ఒక్కొక్క వీధిని తీసుకోవచ్చు.

కొలతలో ఒక మెలకువ ఉంది. పాదచారుల సదుపాయాలపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం నివాసప్రాంతాలలో సైతం కాలిబాటపై కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డమూ లేకుండా ఉండాలి. రెండు చక్రాల కుర్చీలు ఒకదానినొకటి దాటుకుపోగల వెడల్పు అది. బాట ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. విద్యార్థులు టేపు పట్టి చూస్తే కాగితంమీద రెండు మీటర్లున్న బాటలో విద్యుత్ స్తంభం ఒక భాగాన్ని, ప్రకటన బోర్డు ఒక భాగాన్ని, ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఇంచుమించు మొత్తాన్ని తినివేసిన సంగతి తెలుస్తుంది. అప్పుడు సగటు వెడల్పు లెక్కకట్టి రాయడం పొరపాటు. వంద మీటర్ల బాటలో తొంభై తొమ్మిది మీటర్లు విశాలంగా ఉండి, ఒక్కచోట అరవై సెంటీమీటర్లే మిగిలితే, చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి ఆ వీధి అరవై సెంటీమీటర్ల వీధి. అంటే, వారికి అక్కడ వీధి లేదు. అందుచేత వీధికి ఒక సగటు కాదు, అతి ఇరుకైన చోటు ఏదో రాయాలి. బాట ఎన్నిచోట్ల తెగిందో లెక్కపెట్టాలి. ప్రతి ఇంటివారు తమ కారు లోపలికి పోవడానికి గేటు ముందు వాలు కట్టుకుంటారు. ఆ వాలుల మధ్య కాలిబాట అలలమీది పడవలా లేస్తూ పడుతూ సాగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న ఒక అవ్వ ఆ ఎక్కుదిగుళ్ళను ఎన్నిసార్లు చేయాలో లెక్కించిన విద్యార్థికి, ఆమె రోడ్డు అంచున ఎందుకు నడుస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. కాలిబాట ఉండగా రోడ్డుమీద నడుస్తారని జనాన్ని నిందించేవారు ఒక్కసారి ఆ లెక్క చూడాలి.

ఇక నీడ. దీనిని కొలవడంలోనే అసలైన ఆసక్తి ఉంది. పట్టణంలో పచ్చదనాన్ని సాధారణంగా నాటిన మొక్కల సంఖ్యతో చెబుతారు. ఆ సంఖ్యకు నడిచేవారితో సంబంధం తక్కువ. నడిచేవారికి కావలసింది ఏమిటంటే, ఎండ తీవ్రంగా ఉన్న గంటలో, తాము అడుగులు వేసే చోట, నీడ ఉన్నదా అన్నది. అందువల్ల ఈ పరిశీలన మార్చి చివర గాని, ఏప్రిల్లో గాని, మిట్టమధ్యాహ్నం తరువాత ఒకసారైనా జరగాలి. ఉదయపు చల్లదనంలో తిరిగి రాసిన నివేదికలో అన్ని వీధులూ మంచివిగానే కనిపిస్తాయి. ఎండలో వంద అడుగులు వేస్తే వాటిలో ఎన్ని నీడలో పడ్డాయో లెక్కించవచ్చు. తారురోడ్డు అంచున, కానుగచెట్టు కింద ఉష్ణమాపకాన్ని ఒకే ఎత్తులో పట్టి చూడవచ్చు. చెట్టు కింద చల్లదనానికి నీడ ఒక్కటే కారణం కాదు. ఆకులనుంచి నీరు ఆవిరవుతూ చుట్టుపక్కల వేడిని తీసుకుపోతుంది. వృక్షశాస్త్ర పుస్తకంలో బాష్పోత్సేకం అని చదివి మరచిపోయిన మాట అక్కడ మెడవెనుక చర్మానికి అర్థమవుతుంది.

నీడకు దిక్కు కూడ ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో మధ్యాహ్నం తరువాత సూర్యుడు పడమటికి దిగుతాడు. పడమటి వైపు మేడలు తమ పక్కన ఉన్న కాలిబాటకు నీడ పరుస్తాయి. తూర్పు వైపు బాట సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది. కళాశాల వదిలే వేళకు ఎండలో ఉండేది ఆ బాటే. నాటడానికి పది మొక్కలే ఉంటే ముందుగా ఆ పక్కన నాటడం వివేకం. ఇంత చిన్న విషయానికి ప్రణాళికలలో చోటు దొరకడం అరుదు. రెండు పక్కలా సమానంగా గుంటలు తీసి, సమాన దూరంలో మొక్కలు పాతి, లెక్క సరిచూసుకొని వెళ్ళిపోవడం సులభం గదా!

ఏ చెట్టు అన్నది తరువాతి ప్రశ్న. దీనికి విశాఖపట్నమే ఒక పాఠం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరాన్ని తాకినప్పుడు వీధులలో, కొండలపై చెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకొరిగాయి. త్వరగా పెరిగి త్వరగా పూలు చూపుతాయని నాటిన తురాయి వంటి పెళుసు కొమ్మల చెట్లు అటువంటి గాలికి తట్టుకోలేవు. తురాయిది మరొక లోపం కూడ. ఎర్రని పూలతో అది కనులపండువే. కాని వేసవి తొలిరోజులలో ఆకు రాల్చి నిలబడుతుంది. నీడ కావలసిన నాళ్ళలో మోడుగా ఉండే చెట్టు బాటసారికి ఏమి ఆతిథ్యం ఇస్తుంది? వేప ఉగాదినాటికి కొత్త చిగురు తొడుగుతుంది, కానుగ వేసవి ముదిరేనాటికి నిండుగా ఉంటుంది. వేసవి సెలవులలో పిల్లలు ఆ నీడలకు చేరడం ఈ కారణంగానే.

తుపాను తరువాత నగరాన్ని తిరిగి పచ్చగా చేయాలన్న తొందరలో ఏడాకులపాల మొక్కలు విరివిగా నాటారు. దీనినే సంస్కృతంలో సప్తపర్ణి, సప్తచ్ఛదం అంటారు. శరత్తులో పూస్తుంది. పూల వాసన మిక్కిలి ఘాటు. ఆ వాసనను మదపుటేనుగుల మదజలపు వాసనతో పోల్చడం ప్రాచీన కవులకు అలవాటు; కాళిదాసు రఘువంశంలో రఘుమహారాజు ఏనుగులు ఆ పూలవాసన సోకి అసూయతోనో అన్నట్లు తామూ మదజలం స్రవించాయని చమత్కరించాడు. కవికి అది చమత్కారం. చెట్టు కిటికీ పక్కనే ఉన్న ఉబ్బసరోగికి చమత్కారం కాదు. ఆ పూలకాలంలో ఊపిరాడడం కష్టమవుతోందని విశాఖవాసులు కొన్నేళ్ళుగా ఫిర్యాదు చేస్తూ వచ్చారు. త్వరగా పెరిగి చిక్కని ఆకుపచ్చ తెర కట్టే కోనోకార్పస్ విషయంలోనూ ఇటువంటి కథే నడిచింది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాని పెంపకాన్ని నిషేధించింది. ఈ చెట్లలో దేనికీ దోషం అంటగట్టవలసిన పనిలేదు. దోషం ఒకే జాతిని వేలకొద్దీ, ఒకే వీధిపొడవునా, ఎవరినీ అడగకుండా నాటడంలో ఉంది. వీధిలో ఉన్న చెట్లను పేరుపేరునా గుర్తించి రాసుకున్న విద్యార్థులకు, ఏ జాతి ఎన్నేళ్ళుగా నిలిచిందో, ఏది పోయిందో ఆ వీధి వృద్ధులే చెబుతారు. మొక్క కొనేముందు అడగవలసిన సలహా అదే.

ఉన్న చెట్ల ఆరోగ్యం చూడడం కొత్తవి నాటడంకన్న ముఖ్యం. ఎన్నో చెట్లకు మొదలుదాకా సిమెంటు పోసి ఉంటుంది. వాననీరు వేరుకు చేరదు, మాను లావెక్కడానికి చోటుండదు. చెట్టు మొదలుచుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించింది. తీగలకు అడ్డమని వానాకాలానికి ముందు కొమ్మలు కొట్టే తీరు మరొక ముప్పు. తీగల వైపు కొమ్మలన్నీ నరికి, రెండవవైపు వదిలివేస్తే చెట్టు బరువు ఒకపక్కకు ఒరుగుతుంది. పెనుగాలి వీచిననాడు అది ఆ పక్కకే కూలుతుంది. కూలిన తరువాత చెట్లు ప్రమాదకరమన్న పేరు చెట్టుకే వస్తుంది. తీగల కింద దేవకాంచనం వంటి పొట్టిచెట్లు, తీగలు లేని పక్కన పెద్దచెట్లు అన్న ఏర్పాటు ముందే చేసి ఉంటే ఈ హింస తప్పేది.

పరిశీలనకు బయలుదేరిన విద్యార్థులకు అతి సులభంగా కనిపించే అపరాధి ఒకరుంటారు. చెట్టు కింద చెప్పులు కుట్టే మనిషి, బండిమీద ఇస్త్రీ చేసే కుటుంబం, వేసవిలో మజ్జిగ అమ్మే స్త్రీ. నోటుపుస్తకంలో వారి ఎదుట ‘ఆక్రమణ’ అని రాయడానికి చేయి తొందరపడుతుంది. అక్కడ కాసేపు ఆగాలి. కాలిబాట మధ్య నిలిపిన కారు నాలుగైదు అడుగుల వెడల్పును గంటల తరబడి ఆక్రమిస్తుంది. బాటమీదికి మెట్లు దింపిన దుకాణం శాశ్వతంగా ఆక్రమిస్తుంది. ఆ రెండింటినీ ఎవరూ ఆక్రమణగా చూడడం లేదు. బండి కదులుతుంది కనుక దానిని కదిలించడం అందరికీ సులభం. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడడానికి 2014లో పార్లమెంటు ఒక చట్టం చేసింది; పట్టణ వ్యాపార సంఘాలు, ధ్రువపత్రాలు, వ్యాపారానికి కేటాయించిన స్థలాలు అందులో ఉన్నాయి. బండికి స్థలం చూపకుండా బండిని తొలగించడం ఆ చట్టం ఉద్దేశం కాదు.

అంతకుమించిన విషయం ఒకటుంది. ఇస్త్రీబండివారు తమ నెత్తిన నీడ ఇచ్చే చెట్టుకు రోజూ బిందెడు నీరు పోస్తారు. ఎవరైనా కొమ్మ విరిస్తే అడ్డుకుంటారు. సంధ్య చీకట్లలో ఆ వీధిన ఒంటరిగా వచ్చే అమ్మాయికి ఆ బండి దగ్గరి దీపం, ఆ ‘ఏమ్మా, ఆలస్యమైందే’ అన్న పలకరింపు రక్షణ. వీధినుంచి వారిని ఊడ్చివేస్తే బాట వెడల్పవుతుంది. చెట్టుకు కాపలా, వీధికి కన్ను పోతాయి. ఈ మాటలు చెబుతున్నంత మాత్రాన బండి ఎక్కడైనా నిలపవచ్చునని కాదు. బండి వెనుక 1.8 మీటర్ల దారి మిగిలిందా లేదా అన్నది టేపు చెబుతుంది. మిగలనిచోట బండిని ఎటు జరిపితే మిగులుతుందో ఆ బండివారినే అడగాలి. వారికి ఆ చోటులోని ప్రతి జానెడూ తెలుసు.

అడగడం అన్నది ఈ పరిశీలనలో సగం. కొలతకు అందనివి ఎన్నో ఉంటాయి. ఏ దారిన వెళ్ళరు, ఎందుకు వెళ్ళరు అని విద్యార్థినులు తమ తోటివారిని, తల్లులను, వసతిగృహపు వంటమనిషిని అడిగితే, పటంలో కనిపించని గీతలు బయటపడతాయి. వాటిలో ఒకటి పచ్చదనాన్ని ప్రేమించేవారికి ఇబ్బంది కలిగించేదే. గుబురుగా పెరిగిన చెట్టు పగలు నీడనిస్తుంది. రాత్రి వీధిదీపాన్ని కొమ్మలలో దాచివేసి, బాటను చీకటి చేస్తుంది. పగటి మేలు రాత్రి భయమవుతుంది. దీనికి విరుగుడు చెట్టును నరకడం కాదు. దీపాన్ని కొమ్మల కిందికి దించి, స్తంభం పొట్టిదిగా వేయాలి. అలా చేయాలంటే చెట్లవారు, దీపాలవారు ఒకచోట కూర్చోవాలి. ఎత్తైన భవనాల లిఫ్టులకు దీపాలకు లేని పేదరికం వీధిదీపం దగ్గరే ఎందుకు గుర్తుకు రావాలి?

పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థులకు ఈ పని ఎందుకని తల్లిదండ్రులు అడగవచ్చు. ప్రవేశపరీక్షల ర్యాంకుల ముందు వీధి కొలతలు ఏపాటివి? ప్రశ్న అన్యాయమైనది కాదు. కాని పర్యావరణ విద్య పేరుతో ఓజోను పొరను గూర్చి, గ్రీన్‌హౌస్ వాయువులను గూర్చి కంఠస్థం చేసి పరీక్ష రాసి, ఆ గది కిటికీ అవతల ఎండిపోతున్న చెట్టు పేరు చెప్పలేని విద్య ఒక లోపంతో మిగిలిపోతుంది. ఏడాదికి నాలుగు ఆదివారాలు ఈ పరిశీలనకు కేటాయిస్తే ర్యాంకులు తారుమారు కావు. పైగా లెక్కలు, భౌతికశాస్త్రం, వృక్షశాస్త్రం, పౌరశాస్త్రం ఒకే వీధిలో కలుసుకోవడం తరగతిగదిలో సాధ్యమయ్యే పని కాదు. నివేదికను తెలుగులో రాయడం కూడ చిన్న సాధన కాదు. ‘బాట బాగా లేదు’ అన్న వాక్యం ఎవరినీ కదిలించదు. ‘బడి గేటునుంచి మందులదుకాణం దాకా కాలిబాట ఏడుచోట్ల తెగింది, మూడవ తెగుదల దగ్గర కాలువపై పలక లేదు’ అన్న వాక్యానికి సమాధానం చెప్పక తప్పదు.

నివేదిక తీసుకొని విద్యార్థులు వార్డు కార్యాలయానికి వెళ్ళిననాడు ఏమి జరుగుతుంది? చాలాచోట్ల చిరునవ్వు, ఒక ఫొటో, దస్త్రంలో ఒక సంఖ్య. ఈ నిరాశకు ముందే సిద్ధపడాలి. రోడ్డు వెడల్పు చేయించడం, తీగలు భూమిలోకి దింపించడం ఒక కళాశాల వల్ల అయ్యే పనులు కావు. కాని నివేదికలో చౌకగా అయ్యేవి కొన్ని తప్పక ఉంటాయి. ఒక ప్రకటన బోర్డును మీటరు పక్కకు జరపడం, చెట్టు మొదట్లో సిమెంటు పగలగొట్టి మట్టిపాదు తీయడం, విరిగిన పలక మార్చడం, బస్సు ఆగేచోట ఒక వేపమొక్కకు కంచె కట్టడం. కోరికల జాబితాలో వీటిని పైన రాయాలి. పెద్దవాటిని రాయడం మానరాదు. అవి అడుగున ఉన్నా ఉండాలి. మొక్క నాటే చోట ముందుగా ఎదుటి ఇంటివారి సమ్మతి, నీరు పోసేవారి పేరు రాసుకోవాలి. నాటినవారి పేరుకన్న ఆ పేరు ముఖ్యం. ఎందుకంటే జూలైలో నాటిన మొక్క బ్రతికేదీ చచ్చేదీ మరుసటి ఏప్రిల్లో తేలుతుంది. అప్పటికి వానలు లేవు, అతిథులు లేరు, విద్యార్థులు సెలవులలో ఉంటారు.

అందుకే ఈ పని ఒక ఏటితో ముగిసేది కాకూడదు. ఇంటర్మీడియట్ చదువు రెండేళ్ళు. చెట్టు నీడ ఇవ్వడానికి అంతకన్న ఎక్కువ కాలం పడుతుంది. ద్వితీయ సంవత్సరం విద్యార్థులు పరీక్షలకు వెళ్ళేముందు తమ నోటుపుస్తకాన్ని ప్రథమ సంవత్సరంవారికి అప్పగించాలి. అదే వీధి, అదే గడియ, అదే టేపు. ప్రతి చెట్టుకు ఒక సంఖ్య, ప్రతి ఏటికి ఒక గడి. పద్నాలుగవ చెట్టు ఎదుట కానుగ అని, మొదలు చుట్టుకొలత ఇంతని, తీగల వైపు కొమ్మలు కొట్టారని ఒక ఏడాది వారు రాస్తారు. మరుసటి ఏడాది వచ్చినవారు ఆ చెట్టు దగ్గర నిలబడి టేపు చుట్టి, కొత్త కొలతను పక్క గడిలో రాస్తారు. చెట్టు లేకపోతే, లేదని రాసి, అది ఎప్పుడు పోయిందో ఎదుటి ఇస్త్రీబండివారిని అడుగుతారు.